జెర్రిపోతుల ద్వంద్వయుద్ధము

పొలము గట్టున రెండు పాములు ఒకదాని నొకటి పెనవేసికొని, తలలు పైకెత్తి ఊగుచుండగా చూచినచో మన గ్రామములలో దానిని పాముల సయ్యాట యందురు. వానిపై క్రొత్త వస్త్రము వేసి, పిదప ఆ వస్త్రమును శుభప్రదమని దాచుకొనువారును కలరు. ఆ జంటలో ఒకటి నాగుపామనియు, రెండవది దాని మగడగు జెర్రిపోతనియు లోకుల విశ్వాసము. ‘పోతు’ అను శబ్దమునకు మగజంతు వను అర్థ ముండుట ఈ భ్రమకు ఊత మిచ్చినది. కాని జెర్రిపోతులలోనే ఆడవియు, మగవియు కలవు. నాగుపామునది వేరు వంశము.

మన సర్పములను శాస్త్రరీతిని వర్ణించిన తొలివారిలో పాట్రిక్ రస్సెల్ ఒకడు. స్కాట్లండు దేశీయుడగు ఈ వైద్యుడు విశాఖపట్టణమున నివసించి, కోరమండల తీరపు పాములను సేకరించి, 1796లో లండనున ప్రకటించిన గ్రంథమున తెలుగు పేర్లను సైతము పొందుపరచెను. కట్లపాముల శాస్త్రనామమగు ‘బంగారస్’ మన ‘బంగారము’ నుండి పుట్టినదే. అయినను సయ్యాట రహస్యము చిరకాలము తేలలేదు.

పాశ్చాత్యులును దీనిని ప్రణయలీల యనియే భ్రమించిరి. అట్లు పెనవేసికొన్న పాములను పట్టి పరీక్షింపగా రెండును మగవే యని తేలినది. అమెరికాలో శాన్ డియాగో జంతుప్రదర్శనశాలకు చెందిన చార్లెస్ షా 1948లో గిలకపాముల విషయమున దీనిని విశదీకరించెను. జెర్రిపోతుల సయ్యాటయు ఇట్టిదే. ఆడుదానికై రెండు మగపాములు సలుపు మల్లయుద్ధము.

ఈ యుద్ధమునకును ఒక ధర్మము కలదు. ప్రత్యర్థి తలను నేలకు అదిమిపట్టుటయే లక్ష్యము. కాటు వేయుట అరుదు. రాచనాగులు సైతము మహావిషము కలిగియుండియు సాధారణముగా దానిని ప్రయోగింపక, బలమునే పరీక్షించుకొనును. ఓడినది తొలగిపోవును. ఇట్లు పోరాడు జాతులలో మగవి తరచుగా ఆడువానితో సమానముగనో, అంతకంటె పెద్దవిగనో ఉండునని ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుడు రిచర్డ్ షైన్ 1978లో నిరూపించెను. బలిసిన దేహమునకే విజయము గనుక ఇది సహజమే.

జెర్రిపోతుకు విషము లేదు. ఎలుకలను భక్షించి రైతు ధాన్యమును కాపాడును. నాగుపాము మగడను అపవాదు మూలమున ఆ ఉపకారి ఎన్నో తావుల కఱ్ఱదెబ్బలకు బలి యగుచున్నది. సయ్యాట కనబడినచోట దూరముగ నిలిచి చూచుటయే తగినది. గెలుపోటములు తేలిన పిదప ఆ మల్లులు తమ దారిని తామే పోవును.