సీసపు అక్షరాల రాజమండ్రి

1874లో కందుకూరి వీరేశలింగం ధవళేశ్వరంలో పంతులుగా ఉంటూ 'వివేకవర్ధని' మొదలుపెట్టారు. అప్పటికి మా రాజమండ్రికి రైలు లేదు. పత్రిక మద్రాసులో అచ్చయి రావాలి. లంచగొండుల గుట్టు విప్పే పత్రిక దారిలో ఆలస్యమైతే ఏం లాభం? కొంతకాలానికి ఆయన మిత్రులను కూడగట్టుకుని రాజమండ్రిలోనే అచ్చుకూటం పెట్టారు. 1878లో ఆయన నవల 'రాజశేఖర చరిత్రము' ఆ పత్రికలోనే విడతలుగా వెలువడింది.

తర్వాత చిలకమర్తి లక్ష్మీనరసింహం 'మనోరమ', 'దేశమాత' పత్రికలను ఇక్కడి నుంచే నడిపారు. ఇక అద్దేపల్లి వారు, కొండపల్లి వీరవెంకయ్య, కాళహస్తి తమ్మారావు వేసిన ప్రచురణలు తెలియని తెలుగిల్లు ఒకప్పుడు అరుదు. నాటకాలు, శతకాలు, వ్రతకథలు మా ఊరి పేరు వేసుకుని పల్లెపల్లెకూ వెళ్లాయి.

వాటి వెనక ఉన్న చేతుల గురించి ఎవరూ రాయలేదని నా బాధ. సీసపు అక్షరాలు కూర్చే ఇంగ్లీషు కంపోజిటర్‌కి ఇరవయ్యారు అక్షరాలు, వాటి పెద్దబడి రూపాలు చాలు. తెలుగు కంపోజిటర్ ముందు వందల గళ్లుండేవి. ఒక్క 'క'కే తలకట్టుతో ఒక దిమ్మ, గుడితో ఒకటి, కొమ్ముతో మరొకటి. ఒత్తులు మళ్లీ వేరు. అతను ఎడమ చేతిలో అక్షరాలు పేర్చే స్టిక్కు పట్టుకుని, కాపీ మీద నుంచి చూపు తిప్పకుండానే కుడి చేత్తో సరైన గడిలోంచి అక్షరం తీసేవాడు. తలకిందులుగా నిలబెట్టిన ఆ వరుసను మనం పేపరు చదివినంత సులువుగా చదివేవాడు.

చిన్న ప్రెస్సుల్లో పుస్తకమంతటికీ సరిపడా టైపు ఉండేది కాదు. ఒక ఫారం, అంటే ఒకేసారి అచ్చయ్యే పేజీలు, కూర్చి, ప్రూఫు దిద్ది, అచ్చువేసి, అక్షరాలను విప్పి మళ్లీ గళ్లలో సర్దితేనే తర్వాతి ఫారం. పదో ఫారం దగ్గర మొదటి పేజీలో తప్పు కనిపించినా దిద్దే దారి లేదు. పాత పుస్తకాల చివర తప్పొప్పుల పట్టిక అందుకే కనిపిస్తుంది.

కంప్యూటర్లో కూర్చడం, ఆఫ్‌సెట్‌లో అచ్చువేయడం వచ్చాక ఈ పని పదిహేను ఇరవై ఏళ్లలో కనుమరుగైంది. ట్రెడిల్ అచ్చుయంత్రం మాత్రం పూర్తిగా పోలేదు. బిల్లు పుస్తకాలకు నంబర్లు వేయడానికి, చింపుకునే చోట చిల్లులు పెట్టడానికి, శుభలేఖల అట్టలకు మడత గీతలు కొట్టడానికి దాన్ని ఇప్పటికీ వాడతారు. పోయింది తెలుగు టైపు. సీసం ధరకు తూకానికి అమ్మేశారు.

ఇప్పుడు విదేశాల్లో ఇలాంటి యంత్రాలతో కాగితం మీద వేలికి తగిలేలా లోతుగా దిగిన అచ్చుకు ఎక్కువ డబ్బిస్తున్నారు. యంత్రం నడిపే మన మెషిన్‌మేన్‌కి అది లోపం. అక్షరం వెనక్కి ఉబ్బితే అడుగున పల్చటి కాగితం ముక్కలు సర్ది ఒత్తిడి సరిచేసేవాడు. నాకు ఆ పాత పద్ధతే ఇష్టం. సిరా చక్కగా అంటి, కాగితం నలగకుండా వచ్చిన తెలుగు పేజీలో గుండ్రటి అక్షరం నిండుగా కనబడుతుంది.

వీరేశలింగం గారి ఇల్లు ప్రదర్శనశాలగా నిలిచే ఉంది. అక్కడ నడిచే ట్రెడిల్ ఒకటి, తెలుగు టైపు నిండిన కేసులు, పని నేర్పే పాత కంపోజిటర్ ఒకరు ఉండాలి. బడిపిల్లలు తమ పేర్లు తామే కూర్చి అచ్చువేసుకోవాలి. ట్రెడిల్ సంపాదించడం కష్టం కాదు, అక్షరాలే దొరకవు. కోటగుమ్మం, ఇన్నీసుపేట ఇళ్లలో ఎవరి అటక మీదైనా టైపు కేసులు మిగిలి ఉంటే, దయచేసి తూకానికి వేయకండి.