తొడ ఎముక

తొడ ఎముక (ఫీమర్) మానవ దేహంలో అన్నిటికన్నా పొడవైన, బరువైన, దృఢమైన ఎముక. తుంటి నుంచి మోకాలి వరకు ఉండే దీని పొడవు మనిషి ఎత్తులో దాదాపు నాలుగో వంతు.

నిర్మాణం: పైభాగంలోని గుండ్రటి తల కటి ఎముక గుంటలో అమరి తుంటి కీలు ఏర్పడుతుంది. తల కింద ఉన్న సన్నని మెడ, పెద్దవారిలో ఎముక పొడవాటి నడిమి భాగమైన కాండంతో సుమారు 125 డిగ్రీల కోణంలో ఉంటుంది. కాండం గోడలు దట్టమైన ఎముకతో ఏర్పడతాయి. లోపలి గొట్టంలో పెద్దవారికి కొవ్వుతో కూడిన పసుపు మూలుగ ఉంటుంది. రక్తకణాలను తయారుచేసే ఎర్ర మూలుగ పైకొనలోని స్పంజి ఎముకలో మిగులుతుంది. ఈ స్పంజి భాగంలోని సన్నని పలకలు బరువు పడే దిశలోనే అమరి ఉంటాయి. కిందికొనలోని రెండు ఉబ్బులు కాలి పెద్ద ఎముకతోను, మోకాలి చిప్పతోను కలిసి మోకాలి కీలవుతాయి.

విధులు: శరీర బరువును మోకాళ్లకు చేరవేయడం, నడకకు తోడ్పడే కండరాలకు పట్టునివ్వడం, కాల్షియం, ఫాస్ఫరస్‌లను నిల్వ చేయడం.

పెరుగుదల: పిండదశ ఏడో వారంలో కాండం ఎముకగా మారడం మొదలవుతుంది. కొనల వద్ద ఉండే మృదులాస్థి ఫలకాలు కౌమారం చివరికి గట్టిపడటంతో పొడవు పెరగడం ఆగుతుంది. ఆ తరువాత కూడా ఆస్టియోక్లాస్ట్ కణాలు పాత ఎముకను కరిగిస్తుంటే, ఆస్టియోబ్లాస్ట్ కణాలు కొత్తది నిర్మిస్తూనే ఉంటాయి.

వ్యాధులు: వృద్ధులలో, ముఖ్యంగా ముట్లుడిగిన స్త్రీలలో, ఎముకలు గుల్లబారడం వల్ల కొద్దిగా జారిపడినా తొడ ఎముక మెడ భాగం విరగవచ్చు. అప్పుడు ఎముక తలకు రక్తప్రసరణ తెగిపోతే ఆ భాగం నిర్జీవమవుతుంది. అలాంటి సందర్భాల్లో కృత్రిమ కీలు అమరుస్తారు.