ఒకే పేజీ, రెండు రూపాలు

తొలినాళ్ళ వెబ్‌లో ఒక పేజీ అందరికీ ఒకేలా కనిపించేది. సర్వర్‌కు ప్రతి అభ్యర్థనా కొత్తదే. ముందు వచ్చినవారెవరో దానికి గుర్తుండదు. 1994లో నెట్‌స్కేప్ ఇంజనీరు లూ మాంటులి రూపొందించిన ‘కుకీ’ ఈ లోపాన్ని తీర్చింది. లాగిన్ కాగానే సర్వర్ బ్రౌజర్‌కు ఒక గుర్తునిస్తుంది. బ్రౌజర్ ప్రతిసారీ దాన్ని చూపుతుంది. దాన్నిబట్టి పేజీ అమరిక మారుతుంది.

తిరుమల తిరుపతి దేవస్థానముల వెబ్‌సైటును గమనించండి. సేవల సమాచారం అందరికీ కనిపిస్తుంది. మొబైల్ ఓటీపీతో లాగిన్ అయినవారికే టికెట్ల బుకింగ్ తెరుచుకుంటుంది. ఫోను లేని యాత్రికునికి ఆ రెండో రూపం కనపడదు. అతనికి తిరుపతిలోని శ్రీనివాసం, విష్ణు నివాసం వంటిచోట్ల సర్వదర్శనం టోకెన్లిచ్చే కౌంటర్లు ఒక ఆధారం.

కనుక వెబ్ చరిత్రను చదివేటప్పుడు, లాగిన్ కాలేనివారికి ఏ మార్గం మిగిలిందో కూడా పరిశీలించాలి.