గ్యాసు వాసన వెనక ఒక బడి

వంటింట్లో గ్యాసు వాసన వస్తే మనం ఏం చేస్తాం? చేతిలో గరిటె ఉండగానే పరుగెత్తి రెగ్యులేటరు కట్టేస్తాం. కిటికీలు బార్లా తెరుస్తాం. స్విచ్చుల జోలికి ఎవరూ వెళ్లొద్దని ఇంటిల్లిపాదికీ వినపడేలా కేకేస్తాం. ఆ పాడు కంపును తిట్టుకోని ఇల్లాలు ఉండదు. కాని తమాషా ఏమిటంటే, ఆ వాసన గ్యాసుది కాదు. గ్యాసుకు దాదాపు వాసనే ఉండదు. కారితే మనకు తెలియాలని ఇథైల్ మెర్కాప్టాన్ అనే కంపు పదార్థాన్ని పనిగట్టుకుని కలుపుతారు. ఆ నోరు తిరగని పేరుతో మనకు పని లేదు గాని, అలా కలపడం ఒక చట్టమై కూర్చోవడానికి కారణం ఒక బడి అని మాత్రం మనం తెలుసుకోవాలి.

1937 మార్చి 18. అమెరికాలో టెక్సాస్ రాష్ట్రం, న్యూ లండన్ అనే చిన్న ఊరు. చమురు బావుల పుణ్యమా అని డబ్బుకు లోటు లేదు. పెద్ద బడి కట్టుకున్నారు. అంత ఉండీ, నెలనెలా గ్యాసు బిల్లు దండగ అనిపించింది పెద్దలకు. చమురు కంపెనీలు పనికిరాదని వదిలేసే గ్యాసు గొట్టం దగ్గరలోనే ఉంటే, దానికి కలిపేసుకున్నారు. ఆ గ్యాసు కారి, బడి నేల కింద ఖాళీలో పేరుకుంది. వాసన లేదు కనక ఎవరికీ తెలియలేదు. తలనొప్పి, తలనొప్పి అని పిల్లలు చెబుతూనే ఉన్నారు. పిల్లల తలనొప్పి బడి ఎగ్గొట్టడానికే అని అనుకోవడం మన ఒక్క దేశపు అలవాటు కాదు కదా! ఆ మధ్యాహ్నం మూడు దాటాక వర్క్‌షాపులో ఓ మాస్టారు మిషను స్విచ్చి వేశారు. ఒక్క నిప్పురవ్వ. అంతే. పిల్లలూ టీచర్లూ కలిసి దాదాపు 300 మంది పోయారు. చిన్న తరగతుల వాళ్లను ముందే ఇళ్లకు పంపేశారు కాబట్టి దక్కారు. కాస్త దూరంలో, విడిగా ఉన్న వ్యాయామశాలలో అప్పుడే తల్లిదండ్రుల సమావేశం జరుగుతోంది. ఆ తల్లుల సంగతి నేను రాయలేను, మీరే ఊహించుకోండి.

అంతకు ముందూ కొన్నిచోట్ల గ్యాసుకు వాసన కలిపేవారు. కాని టెక్సాస్‌లో అది తప్పనిసరి అయింది ఆ ఏడాదే. తర్వాత ఊరూరా పాకింది.

వాసనకు ఒక కథ ఉంటే గుమ్మానికి ఇంకో కథ. ఒహాయో రాష్ట్రంలోని కాలిన్‌వుడ్‌లో 1908 మార్చి 4న ఒక ప్రాథమిక పాఠశాల అంటుకుంది. పిల్లలు ముందు గుమ్మం వైపు వెళ్తే అక్కడే మంట. వెనక్కి తిరిగి వెనక గుమ్మానికి ఉరికారు. మెట్ల వెడల్పు కంటే అక్కడి గుమ్మం నడవ ఇరుకు. ఒకరు పడితే ఒకరి మీద ఒకరు. 172 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు, కాపాడబోయిన ఒకాయన పోయారు. తలుపులు లోపలికి తెరుచుకోవడం వల్లే జరిగిందని చాలాకాలం చెప్పుకున్నారు. కాదు, తలుపులు బయటికే తెరుచుకునేవి. ప్రాణం తీసింది ఇరుకు.

సరే, చట్టాలు వస్తే బాధ తీరిందా? షికాగోలో అవర్ లేడీ ఆఫ్ ది ఏంజెల్స్ అనే బడిని 1958 అక్టోబరులో తనిఖీ చేసి సరే అన్నారు. కొత్త నిబంధనలు కొత్త భవనాలకేనట, పాతవాటికి మినహాయింపు! డిసెంబరు 1న చెక్కమెట్ల మీదుగా మంట మేడ మీదికి పాకింది. 92 మంది పిల్లలు, ముగ్గురు సన్యాసినులు చనిపోయారు. నిప్పుకు మాత్రం పాత భవనం, కొత్త భవనం అనే తేడా లేదు.

ఇదంతా ఎక్కడో పరాయి దేశపు గోల అనుకోకండి. కుంభకోణం మనకు తెలియని ఊరా? మహామహం జరిగే ఊరు, గణితశాస్త్రవేత్త రామానుజన్ చదువుకున్న ఊరు. 2004 జూలై 16, శుక్రవారం. ఓ ప్రాథమిక పాఠశాలలో మధ్యాహ్న భోజనానికి పొయ్యి రాజేశారు. వంటపాక కప్పు అంటుకుంది. ఆ మంట పైన తరగతుల పూరికప్పుకు ఎగబాకింది. దిగడానికి ఒకే ఒక ఇరుకు మెట్లదారి. 94 మంది పసివాళ్లు. పిల్లలకింత అన్నం వండటానికి వెలిగించిన పొయ్యి అది. ఈ మాట తలచుకున్నప్పుడల్లా నాకు కడుపులో దేవినట్టవుతుంది.

ఆ తర్వాత ఒకాయన సుప్రీంకోర్టు గడప తొక్కారు. 2009 ఏప్రిల్ 13న తీర్పు వచ్చింది: పిల్లలకు చదువుకునే హక్కు ఉందంటే, ప్రమాదం లేని బడిలో చదువుకునే హక్కు కూడా ఉన్నట్టే. మంటలార్పే సాధనాలు పెట్టాలి, భవనం నిబంధనల ప్రకారం ఉండాలి, టీచర్లకు శిక్షణ ఇవ్వాలి అంది కోర్టు.

బాగుంది. కాని కాగితం కాపలా కాయదు, మనిషే కాయాలి. ఆ మనిషి తల్లి ఎందుకు కాకూడదని నా ప్రశ్న. బడిలో చేర్చేటప్పుడు మనం ఏమడుగుతాం? ఫీజెంత, ర్యాంకులెన్ని, ఇంగ్లీషు బాగా చెబుతారా? కూరగాయల కొట్లో వంకాయను నాలుగు వైపులా తిప్పి చూసే మనం, బిడ్డ రోజుకు ఏడెనిమిది గంటలు కూర్చునే చోటును ఒక్కసారి చుట్టి చూడం.

ఇకమీదట ఇంకో మూడు ప్రశ్నలు కలపండి. బయటికి దారులెన్ని, వాటికి పగలు తాళం వేస్తారా? వంట ఎక్కడ, ఆ పైన ఏముంది? ఏదైనా జరిగితే ఎలా బయటికి రావాలో పిల్లలతో ఎప్పుడైనా నడిపించి చూశారా? హెడ్‌మాస్టరుగారు కాస్త చిరాకు పడతారు. పడనివ్వండి. ఒక్కరు అడిగితే చాదస్తం అంటారు, పదిమంది అడిగితే తాళం తీస్తారు.

అన్నట్టు, బిడ్డ ఇంటికొచ్చి తలనొప్పి అంటే, ముందు అమృతాంజనం రాయండి. ఆ తర్వాత, బడిలో ఎక్కడ కూర్చుంటున్నావమ్మా అని అడగండి.