వస్తువు పుట్టకముందే వెల

వస్తువు చేతికి రాకమునుపే సొమ్ము చెల్లించుట కోనసీమవారికి చిరపరిచితమైన ఆచారము. రాబోవు దింపును దృష్టియందుంచుకొని కొబ్బరి వర్తకుడు రైతునకు బయానా ముట్టజెప్పును. కాని ఆ బయానా వెనుక తోట యున్నది. చెట్ల మొదట నిలిచి, గెలలు లెక్కచూచిన పిమ్మటనే వర్తకుడు మాట యిచ్చును. 1996 నవంబరు 6వ తేదీ తుపానువంటి ఉపద్రవము సంభవించినచో ఆ లెక్క తారుమారగుట నిజమేయైనను, అది దైవికమైన నష్టము. తోటయే లేక, దాని చిత్రమును మాత్రము చూపి బయానా పుచ్చుకొను వ్యాపారము వేఱు.

అమలాపురమునకు సమీపమున, సముద్రతీరమునందలి బెండమూర్లంకలో, పదునెనిమిదవ శతాబ్దియందు ఆంగ్లేయ ఈస్టిండియా కంపెనీవారికి బట్టలు కొను కోఠీ యుండెను. ఓడ వచ్చునాటికి బట్ట సిద్ధముగా నుండవలెనన్న, నూలు కొనుటకు నేతగానికి ముందుగా సొమ్ము కావలయును. ఆ సొమ్ము మధ్యవర్తులైన వర్తకుల ద్వారా మగ్గములకు చేరుచుండెను. కోఠీలో థాను విప్పి, పన్నా కొలిచి, నేత పలుచనైనదని త్రోసివేసిననాడు బట్ట యింటికి మరలెడిది, బయానా అప్పుగా మిగిలెడిది. సొమ్మిచ్చినవాడు ప్రబలుడును, పుచ్చుకొన్నవాడు దుర్బలుడును గనుక నష్టమంతయు మగ్గముపైనే పడెను. 1833 చార్టరు చట్టముతో కంపెనీ వర్తకము ముగిసినది.

మన కాలమున పాశ్చాత్యదేశముల పిన్‌బాల్ యంత్రనిర్మాణమున ఈ బలాబలములు తలక్రిందులైనవి. వాలుబల్లపై, గాజుపలక క్రింద, ఉక్కుబంతిని మీటలతో కొట్టి ఆడు ఈ యంత్రమునందు తీగెలు, విద్యుదయస్కాంతములు, దీపములు అసంఖ్యాకములు. మొదటి యంత్రము వెలువడులోపలనే అచ్చులకును, జీతములకును, చలనచిత్రముల పేరు వాడుకొను హక్కులకును అపారధనము వ్యయమగును. 1999లో విలియమ్స్ సంస్థ ఈ తయారీని విరమించిన పిమ్మట, పెట్టుబడి లేని ఔత్సాహికులు ఆ ధనమును కొనువారినుండియే సేకరింపసాగిరి. 2011లో నెలకొన్న జెర్సీజాక్ సంస్థ ఇట్లే బయానాలు గైకొని, జాప్యమైనను, 2013లో యంత్రములు పంపి మాట నిలుపుకొనెను. జిడ్‌వేర్ సంస్థ యట్లు చేయలేదు: 2011లో ప్రకటించిన ‘మాజిక్ గర్ల్’ పూర్తికాకమునుపే మఱి రెండు యంత్రములకు సొమ్ము స్వీకరించి, 2015 నాటికి రిక్తహస్తమై నిలిచెను. డచ్ పిన్‌బాల్ వారి ‘బిగ్ లెబోవ్‌స్కీ’ విషయమున యంత్రములు తయారయ్యెను. కాని నిర్మించిన కార్ఖానాతో బాకీ తగవు పుట్టుటచే అవి అచ్చటనే నిలిచిపోగా, పూర్తిమూల్యము చెల్లించినవారు ఏండ్లతరబడి నిరీక్షించిరి. సంస్థ కూలినచో ఇట్టివారు తాకట్టులేని ఋణదాతలు. తాకట్టుగల బ్యాంకు తన బాకీ చూచుకొన్న పిదప మిగిలినదే వీరి భాగ్యము.

ఈ ప్రమాదమునకు మందు లేకపోలేదు. ప్రీలాంచి పేరిట ఫ్లాట్లమ్ము దురాచారమును ఎఱిగిన మన పార్లమెంటు 2016లో చేసిన రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టము, కొనుగోలుదారుల సొమ్మునందు నూటికి 70 వంతులు ప్రత్యేక ఖాతాలో నుంచవలెననియు, అమ్మకపు ఒప్పందము రిజిస్టరు గాక వెలలో నూటికి 10 వంతులకు మించి పుచ్చుకొనరాదనియు శాసించినది. యంత్రములకును ఇట్టి శాసనము వలయును. అంతవఱకు, బయానా ఇయ్యబోవు పాఠకులారా, మీ సొమ్ము ఏ ఖాతాలో నుండునో, ఏ దశలో దానిని తీయుదురో వ్రాతమూలముగా తెలిసికొనిన పిమ్మటనే యిండు.