రేకు విప్పితే బయటపడ్డ రోడ్లు

అమెరికాలోని కొలంబస్‌లో మా ఇంటి వెనక షెడ్డులో ఒక చక్రాల ఇల్లు ఉంది. దానికి ఇంజిను ఉండదు, కారు వెనక తగిలించుకుని లాక్కుపోవాలి. లోపల మంచాలు, చిన్న వంటగట్టు, సింకు, కూర్చుని తినడానికి బల్ల ఉండాలి. ప్రస్తుతానికి అవేమీ లేవు. అది 1965లో తయారైన ఎయిర్‌స్ట్రీమ్ సఫారీ, పొడవు 22 అడుగులు. ఎవరో బాగుచేద్దామని మొదలుపెట్టి, లోపలి సామానంతా ఊడదీసి, ఒంట్లో ఓపిక లేక మధ్యలో ఆపేస్తే నేను కొన్నాను. ఆయన పనిమంతుడు. ఊడదీసిన ప్రతి రేకు వెనకా పెన్సిలుతో నంబరు వేసి, ఏ వైపు పైకి రావాలో బాణం గుర్తు పెట్టాడు. మేకులు, మడతబందులు, గళ్లేలు వేటికవే కాఫీ డబ్బాల్లో సర్దాడు.

నేను విజయవాడ పంజా సెంటర్ దగ్గర పెరిగినవాణ్ణి. చిల్లుపడ్డ బిందెకి మాటు వేయించి ఇంకో పదేళ్లు వాడిన ఇల్లు మాది. ఆటోనగర్‌లో లారీలకి బాడీలు కడుతుంటే నిలబడి చూడటం ఆ రోజుల్లో నాకు పెద్ద సరదా. అందుకే రేకు పనంటే నాకు జంకు లేదు. కానీ ఈ బండి పని పట్టాక, అమెరికాలో రోడ్డెక్కే హక్కు ఎవరికుంది, ఎప్పటినుంచి ఉంది అనే ప్రశ్న నన్ను వదలడం లేదు. అది మన వాళ్లు తెలుసుకోవాల్సిన సంగతని నా నమ్మకం.

ఈ బండికి గోడ ఒకటి కాదు, రెండు. బయట ఒక అల్యూమినియం తొడుగు, లోపల ఇంకొకటి, మధ్యలో పక్కటెముకల్లాంటి బద్దలు, చలి ఆపడానికి గాజుపీచు. ఆ పీచు నిండా ఎలుకల గూళ్లే. కింద ఇనుప చట్రం, దాని మీద ప్లైవుడ్ నేల. వెనకవైపు అంచుల్లో నీరు దిగి, నేల చెక్క వేలితో నొక్కితే పొడిపొడిగా రాలింది. ఇరుసు గొట్టంలో స్ప్రింగుకి బదులు రబ్బరు కడ్డీలు పెట్టారు. ఇన్నేళ్లకి ఆ రబ్బరు బిగుసుకుపోయి గతుకు పడితే ఊగడం మానేసింది. ఇరుసు మొత్తం కొత్తది వేయాల్సిందే.

ఈ రకం బండికి మూలం విమానం. 1927లో లిండ్‌బర్గ్ ఒంటరిగా అట్లాంటిక్ దాటిన విమానం తయారీని పర్యవేక్షించిన హాలీ బౌలస్, 1934లో అదే పద్ధతిలో రేకులకి రివెట్లు కొట్టి ఒక ట్రైలర్ చేశాడు. ఆ కంపెనీ నిలబడలేదు. దాని బండ్లు అమ్మిపెట్టిన వాలీ బయమ్ ఆ నమూనా అందుకుని, ముందు భాగంలో ఉన్న తలుపుని పక్కకి మార్చి, 1936లో ఎయిర్‌స్ట్రీమ్ క్లిప్పర్ పేరుతో బయటికి తెచ్చాడు. ధర 1,200 డాలర్లు. ఆర్థిక మాంద్యం ఇంకా వదలని ఆ రోజుల్లో ఒక కార్మికుడు ఏడాది పొడుగునా కష్టపడితే దాదాపు అంత వచ్చేది. అయినా కొనేవాళ్లు కొన్నారు. ఊరూరా తిరగడం, నచ్చిన చోట ఆగి పడుకోవడం అమెరికన్ల పెద్ద కోరికల్లో ఒకటి అయిపోయింది.

అదే 1936లో ఇంకో రెండు సంగతులు జరిగాయి. ఎయిర్‌స్ట్రీమ్ కథ చెప్పేవాళ్లు వాటి జోలికి పోరు. నాకు మాత్రం మూడూ కలిపి చూస్తేనే ఆ ఏడాది అర్థమైంది.

న్యూయార్క్ హార్లెమ్‌లో ఉండే విక్టర్ హ్యూగో గ్రీన్ తపాలా శాఖలో పనిచేసే నల్లజాతి మనిషి. ఆయన ఆ ఏడాది ఒక చిన్న పుస్తకం అచ్చువేయడం మొదలుపెట్టాడు. నల్లవాళ్లకి ఏ హోటల్లో గది ఇస్తారు, ఎక్కడ భోజనం పెడతారు, ఏ ఊళ్లో ఎవరింట్లో రాత్రికి తలదాచుకోవచ్చు అన్నవి అందులోని వివరాలు. మొదట న్యూయార్క్ చుట్టుపక్కలకే పరిమితమైనది తర్వాత దేశమంతా పాకింది. చీకటి పడ్డాక నల్లమనిషి కనపడకూడదని బోర్డులు పెట్టిన ఊళ్లున్న రోజులవి. కారుంది, చేతిలో డబ్బుంది, కానీ కాళ్లు చాపుకునే చోటు లేదు. ఇలాంటి పుస్తకం అవసరంలేని రోజు రావాలని గ్రీన్ కోరుకున్నాడు. అది చూడకుండానే 1960లో కన్నుమూశాడు.

రెండోది లాస్ ఏంజెలెస్ సంగతి. కరువుకి, దుమ్ము తుఫానులకి పొలాలు పోగొట్టుకున్న ఓక్లహోమా, టెక్సస్ రైతులు పాత కార్లలో పిల్లాజెల్లాతో కాలిఫోర్నియా వైపు కదిలారు. వాళ్లు తెల్లవాళ్లే, కానీ నిరుపేదలు. లాస్ ఏంజెలెస్ పోలీసు అధిపతి జేమ్స్ డేవిస్ తన నగరం దాటి రాష్ట్ర సరిహద్దుల దాకా 136 మంది పోలీసుల్ని పంపి, చేతిలో పైసా లేనివాళ్లని వెనక్కి తిప్పించాడు. బయమ్ చక్రాల ఇళ్లు కట్టింది కూడా లాస్ ఏంజెలెస్‌లోనే. ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి వెళ్లడానికి పేదరికం అడ్డు కాకూడదని సుప్రీంకోర్టు తేల్చింది 1941లో. నిరుద్యోగి అయిన బావమరిదిని టెక్సస్ నుంచి తన కార్లో తెచ్చుకున్న నేరానికి శిక్షపడిన ఫ్రెడ్ ఎడ్వర్డ్స్ అనే మనిషి కేసు అది. బావమరిదిని ఇంటికి తెచ్చుకుంటే నేరమేంటి అని మన ఊళ్లో ఎవరైనా అడుగుతారు. ఇక్కడ దాన్ని తొమ్మిదిమంది న్యాయమూర్తులు తేల్చాల్సి వచ్చింది.

తర్వాత రెండో ప్రపంచ యుద్ధం. అల్యూమినియమంతా విమానాలకే వెళ్లడంతో బయమ్ ఫ్యాక్టరీ మూసి విమానాల పనిలో చేరాడు. మా కొలంబస్‌లో కర్టిస్-రైట్ ఫ్యాక్టరీ హెల్‌డైవర్ యుద్ధవిమానాలు తయారుచేసింది. ఈ భాగం నాకు పుస్తకాల కన్నా మా పక్కింటి పెద్దాయన ద్వారా బాగా తెలిసింది. ఆయన నల్లజాతి మనిషి, ఎనభై దాటాయి. వాళ్ల అమ్మ ఆ ఫ్యాక్టరీలో రివెట్లు కొట్టింది. అలాంటి చోట నల్లవాళ్లని చేర్చుకోవడం ఊరికే జరగలేదు. వేలమందితో వాషింగ్టన్ మీదికి కదిలివస్తామని కార్మిక నాయకుడు ఫిలిప్ రాండాల్ఫ్ హెచ్చరిస్తే, 1941 జూన్‌లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ రక్షణ పరిశ్రమల్లో వివక్ష కూడదని ఉత్తర్వు ఇచ్చాడు.

రివెట్ కొట్టడం ఒక్కరి వల్ల కాదు. బయట ఒకరు గాలితో నడిచే గన్ పట్టుకోవాలి. లోపల ఇంకొకరు ఇనుపదిమ్మని రివెట్ తోకకి ఆనించి పట్టుకోవాలి. దెబ్బలకి తోక ఆ దిమ్మ మీద అణిగి పరుచుకుంటుంది. అలా పరుచుకున్న తల వెడల్పు రివెట్ మందానికి ఒకటిన్నర రెట్లు, ఎత్తు సగం రావాలి. దెబ్బ ఎక్కువైతే రేకు సొట్టపోతుంది, తక్కువైతే నాలుగు వానలకే కారుతుంది. ఆ మోతలో మాట వినపడదు కాబట్టి గోడ మీద తట్టి చెప్పుకుంటాం. రెండు తట్లంటే బాగుంది, మూడంటే దాన్ని తొలిచి తీసి మళ్లీ కొట్టాలి. లోపల దిమ్మ పట్టేది ఆ పెద్దాయనే. చిన్నప్పుడు అమ్మ రెండు చెంచాలతో చూపించిందట ఈ పని.

పని ఆపి టీ తాగేటప్పుడు ఆయన మాటలన్నీ రోడ్ల గురించే. ఏటా వేసవిలో నాన్నతో కలిసి అలబామాలోని తాతగారి ఊరికి వెళ్లేవాళ్లట. దారిలో ఆగే ప్రసక్తే లేదు. డిక్కీలో రెండు క్యాన్ల పెట్రోలు, షూ పెట్టెల్లో వేయించిన కోడి, పిల్లల కోసం ఒక ఖాళీ డబ్బా. రాత్రంతా నాన్న ఒక్కడే నడిపేవాడు. 1956లో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ 41,000 మైళ్ల జాతీయ రహదారుల చట్టం తెచ్చాడు. 1919లో కుర్ర సైనికాధికారిగా వాషింగ్టన్ నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకి సైనిక బండ్లతో వెళ్లి, 62 రోజులు గుంటల్లో కష్టపడిన మనిషాయన. మంచి రోడ్ల విలువ ఆయనకి తెలుసు. కానీ ఆ రోడ్లు నగరాల్లోకి వచ్చేసరికి చాలాచోట్ల నల్లవాళ్ల పేటల మధ్య నుంచే దూసుకుపోయాయి. మా ఊళ్లో యుద్ధం చేసి వచ్చిన నల్లజాతి సైనికుల కోసం కట్టిన హాన్‌ఫర్డ్ విలేజ్‌ని 70వ నంబరు రహదారి రెండుగా చీల్చింది. నేను ఆఫీసుకి వెళ్లేది ఆ రోడ్డు మీదే.

1963-64లో ఎయిర్‌స్ట్రీమ్ యజమానుల బిడారు ఒకటి సింగపూర్‌లో బయల్దేరి, మన దేశం మీదుగా యూరప్ దాకా వెళ్లింది. ఒక అమెరికన్ మన దేశంలో తన బండి ఆపుకుని నిద్రపోయిన ఆ రోజుల్లోనే ఇంకో అమెరికన్‌కి అట్లాంటా మోటెల్లో గది దొరకలేదు. 1964 జులైలో హోటళ్లలో వివక్ష కూడదంటూ పౌరహక్కుల చట్టం వచ్చాక కూడా హార్ట్ ఆఫ్ అట్లాంటా మోటెల్ యజమాని కోర్టుకెక్కాడు. డిసెంబరులో సుప్రీంకోర్టులో ఓడిపోయాడు. మరుసటి ఏడాది ఓటుహక్కు చట్టం, అక్టోబరు 3న కొత్త వలస చట్టం. నా బండి పుట్టిన సంవత్సరం అదే.

మనకి సంబంధించింది ఇక్కడే ఉంది. 1923లో భగత్‌సింగ్ థిండ్ కేసులో సుప్రీంకోర్టు భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారంది. 1946లో అర్హత వచ్చింది, కానీ కొత్తగా వలస వచ్చేవాళ్లకి ఏడాదికి వందమందే హద్దు. మన భీమవరంలో పుట్టి, ప్రపంచానికి మందులిచ్చిన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1948లో పోయేనాటికి అమెరికా పౌరుడు కాదు. 1965 చట్టం ఒక్కో దేశానికి ఏడాదికి 20,000 దాకా అవకాశమిచ్చింది. గుంటూరు, విశాఖ మెడికల్ కాలేజీల డాక్టర్లు వచ్చింది దానివల్ల, వాళ్ల వెనక మా తరం వచ్చింది కూడా దానివల్లే. జాతిని బట్టి మనిషికి విలువ కట్టకూడదని వీధుల్లో దెబ్బలు తిన్నవాళ్లు లేకపోతే ఆ చట్టం ఉండేది కాదు. కష్టపడి చదువుకుని వచ్చామని చెప్పుకునే మన ఇళ్లలో ఈ మాట తప్పకుండా చెప్పాలి, పిల్లలకి మరీ ముఖ్యంగా.

ఒకరోజు పెద్దాయన అడిగాడు, మీ ఊళ్లో ప్రయాణికుడికి ఎక్కడైనా తలుపు తీసేవారా అని. కులానికొక సత్రం ఉండేదని, కాఫీ హోటళ్లలో కొందరికి గ్లాసు వేరేగా పెట్టేవారని చెప్పాను. నాస్తికవాది గోరాగారు విజయవాడలో సహపంక్తి భోజనాలు ఎందుకు పెట్టాల్సి వచ్చిందో చెప్పాను. హోటళ్లలో, బావుల దగ్గర వివక్ష చూపకూడదని మా రాజ్యాంగం 1950లోనే రాసుకుందంటే ఆయన ఆశ్చర్యపోయాడు.

“మాకన్నా 14 ఏళ్లు ముందా! అయితే ఆ గ్లాసు పోయిందా?”

1985లో కారంచేడులో మంచినీళ్ల చెరువు దగ్గర మొదలైన గొడవ గురించి, చంపబడ్డ దళితుల గురించి చెప్పాను. కులం గురించి ఆయన ఇంకా ఇంకా అడిగాడు, ఆ సాయంత్రం ఒక్క రివెట్ కూడా పడలేదు.

కొత్త ఇరుసు ఆర్డరిచ్చాం. నేల చెక్క కోసి అంచులకి ఎపాక్సీ పట్టించాం. బండి రోడ్డెక్కాక ముందు అలబామా వెళ్లాలని ఇద్దరం అనుకున్నాం. బర్మింగ్‌హామ్‌లో గాస్టన్ మోటెల్ ఉంది. 1954లో ఒక నల్లజాతి వ్యాపారి తమవాళ్ల కోసం కట్టించాడు. 1963లో మార్టిన్ లూథర్ కింగ్ అక్కడి 30వ నంబరు గదిలో ఉండి ఉద్యమం నడిపితే, ఆ మోటెల్ మీద బాంబు వేశారు. 2017 నుంచి అది జాతీయ స్మారకంలో భాగం. వాళ్ల నాన్న ఆగకుండా నడిపిన దారిలోనే, ఈసారి ఆగుతూ వెళ్తాం.