సలేశ్వరం జాతర: మన సభలకు ఒక పాఠం

ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవం, ఫిబ్రవరి 15న సేవాలాల్ జయంతి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడు జిల్లాల్లోనూ మన సభలు ఏటేటా పెద్దవవుతున్నాయి. సంతోషమే. కానీ తెల్లారి మైదానంలో మిగిలేవి ప్లాస్టిక్ గ్లాసులు, చిరిగిన ఫ్లెక్సీలు. వేదిక మీద కుర్చీ ఎవరికి దొరికింది, ఎండలో ఎవరు నిలబడ్డారు అన్నది ఎవరూ లెక్క రాయరు. నేలకు చెరుపు చేయకుండా, ఎవరినీ దూరం పెట్టకుండా నలుగురు కలవడం ఎట్లాగో నేర్చుకోవడానికి ఎక్కడికో పోనక్కరలేదు. మన నల్లమలలోనే ఆ చరిత్ర ఉంది.

నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం అడవిలో సలేశ్వరం ఉంది. చుట్టూ కొండలు, నడుమ లోతైన లోయ, పైనుంచి దూకే జలధార, కింద గుండం, గుహలో లింగమయ్య. చైత్ర పౌర్ణమికి ఇక్కడ జాతర జరుగుతుంది. పూజారులు చెంచులే. హైదరాబాద్–శ్రీశైలం దారిలో మన్ననూరు దాటాక ఫరహాబాద్ దగ్గర అడవిలోకి మళ్లాలి. బండి ఎంత దూరం పోయినా చివరి కొన్ని కిలోమీటర్లు రాళ్ల దారిలో నడిచి దిగాల్సిందే. వస్తున్నామని లింగమయ్యకు చెప్పుకుంటూ దిగుతారు, పోయొస్తామని చెప్పుకుంటూ ఎక్కుతారు. ఇది ఇంకొకరి ఇల్లు, మనం చుట్టాలం అన్న మర్యాద ఆ పలకరింపులోనే ఉంది.

ఒకప్పుడు ఈ జాతరకు హద్దు అడవే పెట్టేది. నడవగలిగినవాళ్లే వచ్చేవారు. మోయగలిగినంతే తెచ్చుకునేవారు. తినడానికి మోదుగాకు విస్తరి, నీళ్లకు సొరబుర్ర. పారేసినా మట్టిలో కలిసిపోయేవే. 1940లో హైమెన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్త అమ్రాబాద్ గుట్టల్లో చెంచుల మధ్య ఉండి పరిశోధన చేశాడు. ఆ పుస్తకం 1943లో వచ్చింది. చెంచులు చిన్న చిన్న గుంపులుగా పెంటల్లో బతుకుతూ, నీళ్లను బట్టి, పండ్లూ దుంపల కాలాన్ని బట్టి చోటు మార్చుకునేవారు. ఒక చోటు ఎంతమందిని మోయగలదో అంతమందే అక్కడ ఉండాలన్నది వాళ్ల బతుకులోనే ఉన్న సూత్రం. ఇప్పుడు పెద్ద పెద్ద సదస్సుల్లో చెప్పే మాటా ఇదే.

తర్వాత రోడ్లు పడ్డాయి, జీపులు వచ్చాయి. జాతరకు వచ్చే జనం వేలల్లో పెరిగారు. అడవి పెట్టిన హద్దు చెదిరింది. చైత్రం అంటే ఎండలు ముదిరే కాలం. వాగులు ఎండి, జంతువులన్నీ మిగిలిన నీటి గుంటలనే నమ్ముకుని ఉంటాయి. రాలిన ఆకు మీద ఒక్క నిప్పురవ్వ పడితే చాలు, గుట్ట అంటుకుంటుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే ఇంత జనం లోయలోకి దిగుతారు. 2023 ఏప్రిల్ జాతరలో ఆ రద్దీ మధ్య యాత్రికులు ప్రాణాలు కూడా కోల్పోయారు.

1983లో పులుల అభయారణ్యంగా ప్రకటించిన ఈ అడవిలో తెలంగాణ వైపు భాగం రాష్ట్ర విభజన తర్వాత అమ్రాబాద్ పులుల అభయారణ్యం అయింది. జాతరను ఈమధ్య ఏళ్లలో మూడు రోజులకు కుదించారు. రాత్రి ప్రయాణం మీద ఆంక్షలు పెట్టారు. 2024 జూలై 1 నుంచి అభయారణ్యంలో ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్‌ను నిషేధించారు. అంటే పోయిన హద్దే ఉత్తర్వుల రూపంలో మళ్లీ వచ్చింది.

హద్దు కావాలి, నిజమే. కానీ దాన్ని గీసేది ఎవరు? 1950 నాటి షెడ్యూల్డ్ ప్రాంతాల ఉత్తర్వులో అమ్రాబాద్, మన్ననూరు, రాంపూర్, అప్పాపూర్ పేర్లున్నాయి. అక్కడి ఆచారాలను, సంస్కృతిని కాపాడుకునే శక్తి గ్రామసభకు ఉందని 1996 పెసా చట్టం చెప్పింది. 2006 అటవీ హక్కుల చట్టం 5వ సెక్షన్ అడవిని, వన్యప్రాణిని, నీటి వనరులను కాపాడే అధికారం గ్రామసభకు ఇచ్చింది. ఇంకోవైపు సార్లపల్లి, కుడిచింతలబైలు, కొల్లంపెంట, తాటిగుండాల వాళ్లను అడవి బయటికి తరలించే ప్రతిపాదన నడిచింది. మూడు రోజుల చుట్టాలకు దారి దొరికి, తరతరాల ఇంటివాళ్లకు చోటు లేకపోతే దాన్ని పర్యావరణ రక్షణ అందామా? జాతర ఎన్ని రోజులు, ఎంతమంది, ఏ దారి అన్న నిర్ణయం పెంటల గ్రామసభల్లో మొదలు కావాలి. చెంచుల పెద్దరికం పూజ దగ్గరే ఆగిపోకూడదు.

ఇది జరగని పనేం కాదు. ఆదిలాబాద్ జిల్లా కేస్లాపూర్ నాగోబా జాతర చూడండి. మెస్రం వంశీయులు కాలినడకన పోయి గోదావరి నీళ్లు తెస్తారు. కొత్త కోడళ్లను దేవుడికి పరిచయం చేసి వంశంలో కలుపుకుంటారు. 1940లో కుమ్రం భీం అమరుడయ్యాక, ఆ దశకంలోనే అక్కడ దర్బార్ మొదలైంది. గోండుల గోడు వినడానికి అధికారులు జాతరకే రావాలన్నది దాని ఉద్దేశం. అర్జీ పట్టుకుని గిరిజనుడు ఆఫీసుకు పోవడం కాదు, ఆఫీసే గిరిజనుడి దగ్గరికి రావడం. అందరినీ కలుపుకునే సభకు ఇంతకన్నా మంచి నమూనా ఏముంటుంది?

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, రేపటి సభలు నడిపేది మీరే. విస్తర్లు పెంటల్లో, తండాల్లో కుట్టే ఆడవాళ్ల దగ్గర కొనండి. చెత్త తగ్గుతుంది, వాళ్లకు నాలుగు రూపాయలు వస్తాయి. ఫ్లెక్సీ బదులు తేదీ లేని గుడ్డ బ్యానర్ రాయించండి, పదేళ్లు పనికొస్తుంది. సభను చివరి బస్సు పోకముందే ముగించండి. లేకపోతే దూరపు గూడెం వాళ్లు సగంలోనే లేచిపోతారు. నడవలేని పెద్దలకు, వికలాంగులకు మెట్లు లేని చోటు చూడండి. లంబాడీలో మాట్లాడే అవ్వకు మైకు ఇవ్వండి. తెలుగులో చెప్పడానికి పక్కన ఒకరు నిలబడితే చాలు. హాస్టల్ పిల్లల్ని ఏ కార్యక్రమానికి పిలిచినా వార్డెన్‌గా నేను మొదట అడిగేది రెండే: తాగే నీళ్లెక్కడ, ఆడపిల్లలకు మరుగుదొడ్డెక్కడ? పిలిచినవాళ్ల దగ్గర వీటికి జవాబు సిద్ధంగా ఉండాలి.

అన్నిటికన్నా ముందు, కమిటీ వేసేటప్పుడే చుట్టూ చూడండి. సభ జరిగే ఊరివాళ్లు, ఆడపిల్లలు, మనలో అందరికన్నా తక్కువమంది ఉన్న తెగవాళ్లు అందులో ఉన్నారా? లేకపోతే కరపత్రం అచ్చుకు ఇవ్వకముందే వాళ్ల గడపకు పోయి పిలవండి.